అరిచే ఫోను, నోరు మూసుకునే ఫోను

"మొబైల్ని ఎవురన్నా ముట్టుకుంటే కూసే ఆప్ ఉందంట కదన్నా. అది ఏసుకుంటే మొబైలు పోదా?"

సుగటూరులో గానీ, కోలారు చుట్టూ ఉన్న ఏ తెలుగు పల్లెలో గానీ, ఫోన్ల సంగతి కాస్త తెలిసినవాడని పేరు పడితే చాలు, ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది. అడిగేవాళ్ళ భయం ఉత్తది కాదు. టమాటా కాలంలో కోలారు ఏపీఎంసీ మండీలో కాలు పెట్టే చోటుండదు. పదిహేను కిలోల బాక్సు భుజాన ఎత్తినవాడికి జేబు మీద ధ్యాస ఎక్కడిది? మారికుప్పం నుంచి బంగారుపేట మీదుగా బెంగుళూరుకి వెళ్ళే పొద్దుటి రైళ్ళలో అయితే, పక్కవాడి చెయ్యేదో మన చెయ్యేదో తెలియనంత ఒత్తిడి. ఫోను పోతే పోయేది వస్తువొక్కటే కాదు. ఫోన్‌పే, బ్యాంకు ఓటీపీలు, పిల్లల ఫొటోలు, పంట డబ్బు పంపాల్సిన వ్యాపారి నంబరు, అన్నీ దాంట్లోనే ఉన్నాయి.

జవాబు ఒక్క ముక్కలో చెప్పాలంటే: ఆ ఆప్ మోగుతుంది, దొంగతనం మాత్రం ఆగదు. ఎందుకు ఆగదో విడమరిస్తే, ఏం చేస్తే ఆగుతుందో కూడా అందులోంచే తేలుతుంది.

జేబులోని కొలతలు

ఈ ఆప్‌లు ఫోనులోకి కొత్త యంత్రాన్నేమీ తీసుకురావు. ముందే ఉన్న కొలతల్ని వాడుకుంటాయి, అంతే.

వాటిలో ముఖ్యమైనది కుదుపు కొలత. ఇంగ్లీషులో యాక్సెలరోమీటర్ అంటారు. సిలికాన్‌లో చెక్కిన, మిల్లీమీటరులో చిన్న వంతు మాత్రమే ఉండే ముద్ద ఒకటి, అంతకంటే సన్నటి స్ప్రింగుల మీద నిలబడి ఉంటుంది. ఫోను కదిలినప్పుడు చుట్టూ ఉన్న చట్రం ముందు కదులుతుంది, ముద్ద ఒక్క క్షణం వెనకబడుతుంది. ఆ క్షణంలో రెంటి మధ్యా ఉన్న సందు మారుతుంది. సందు మారితే అక్కడ నిలవ ఉండగలిగే విద్యుత్తు మారుతుంది. ఫోను ఈ మార్పుని సెకనుకి ఎన్నోసార్లు చదువుకుంటుంది. ఫోను అడ్డం తిప్పితే బొమ్మ తిరగడం, నడిస్తే అడుగులు లెక్కపడటం దీని చలవే. ఇందులో ఒక తమాషా ఉంది. బల్ల మీద కదలకుండా ఉన్న ఫోనులో ఈ కొలత సున్నా చూపదు, భూమి లాగుతున్న లాగుడుని చూపుతుంది. చేతిలోంచి జారి నేలకి చేరేలోపు మాత్రమే సున్నాకి దగ్గరగా వస్తుంది.

రెండోది దాపు కన్ను, అంటే ప్రాక్సిమిటీ సెన్సార్. తెర పైఅంచులో, చెవికి ఆనించే చోట ఉంటుంది. మన కంటికి కనిపించని పరారుణ కాంతిని వదిలి, అది ఎదురుగా దేనికైనా తగిలి వెనక్కి వస్తుందేమో చూస్తుంది. వస్తే దగ్గర్లో ఏదో ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. మాట్లాడేటప్పుడు చెంప తగిలి తెర మీద బటన్లు నొక్కుకుపోకుండా తెరని ఆర్పడం దీని అసలు పని. దొంగ అలారం ఆప్‌లు దీన్ని జేబు కాపలాకి పెట్టాయి. జేబులో ఉన్నంతసేపూ ఏదో అడ్డుంటుంది, బయటికి తీస్తే అడ్డు పోతుంది, అప్పుడు కూయాలి.

కాగితం మీద చక్కగా ఉంది. కానీ జేబు కొట్టేవాడు ఫోనుని తీసి వెలుతురులో ఎత్తి చూపించడు. రెండు వేళ్ళ మధ్య పట్టి, మడిచిన తువ్వాలు కిందకో, తన సంచిలోకో జార్చేస్తాడు. ఒక అడ్డులోంచి ఇంకో అడ్డులోకి. దాపు కన్నుకి ఈ ప్రయాణంలో ఖాళీ కనబడేది రెప్పపాటు, ఒక్కోసారి అదీ ఉండదు. పైగా ఇప్పటి ఫోన్లు కొన్నింటిలో ఆ కన్నే లేదు. తెర అంచులు సన్నబడ్డాక దాన్ని తీసేసి, మన చెవికి అందని ధ్వనితో దూరాన్ని అంచనా కట్టే ఏర్పాటు పెట్టారు. ఫోను మాట్లాడేటప్పుడు అది సరిపోతుంది, జేబు కాపలాకి దాన్ని నమ్మలేం.

మూడోది ఛార్జరు. దీంట్లో మాత్రం తిరకాసు లేదు. కరెంటు వస్తోందా లేదా అన్నది ఫోనుకి ఖచ్చితంగా తెలుసు. వైరు పీకితే కూయమంటే కూస్తుంది. కల్యాణ మంటపంలోనో, హాస్టలు గదిలోనో ఛార్జింగుకి పెట్టి పక్క గదికి వెళ్ళేవాళ్ళకి ఈ ఒక్క రకం పనికొస్తుంది. అక్కడ వినే చెవులు దగ్గర్లో ఉంటాయి, ఫోను కదలాల్సిన పనీ ఉండదు. నేను ఎవరికైనా సిఫారసు చేస్తే ఇదే చేస్తాను, అదీ ఇంత షరతుతోనే.

ఇక, ఈ కొలతలన్నీ సరిగ్గా ఉన్నా, వాటిని చదివే ఆప్ మేలుకుని ఉండాలి కదా. ఇక్కడ ఫోను వ్యవస్థే అడ్డుపడుతుంది. బ్యాటరీ మిగలాలని గూగుల్ 2015లో ఆండ్రాయిడ్ 6తో, కదలకుండా పడున్న ఫోనులో ఆప్‌లని జోకొట్టే పద్ధతి తెచ్చింది. 2017లో ఆండ్రాయిడ్ 8 తెర వెనక నడిచే ఆప్‌లకి కళ్ళెం వేసింది. 2018లో ఆండ్రాయిడ్ 9 ఇంకా ముందుకెళ్ళి, తెర వెనక ఉన్న ఆప్‌కి కుదుపు కొలత లెక్కలు అందకుండా చేసింది. లెక్కలు కావాలంటే ఆ ఆప్ పైన నోటిఫికేషన్ పట్టీలో ఎప్పుడూ కనబడుతూ, నేనిక్కడ నడుస్తున్నానని చెప్పుకుంటూ ఉండాలి. అలా చెప్పుకున్నా, చవక ఫోన్ల కంపెనీలు బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని చూపించుకోవడానికి సొంతంగా పెట్టిన పొదుపు ఏర్పాట్లు దాన్ని చడీచప్పుడు లేకుండా ఆపేస్తుంటాయి. కాపలా ఉందనుకుని మనం నిశ్చింతగా రైలెక్కుతాం.

ఉత్తుత్తి మోత లెక్క

ఇదంతా ఫోను తయారీలో లోపమని, రేపు బాగుపడుతుందని అనుకోవచ్చు. లోపాలన్నీ పోయాయనే అనుకుందాం. అప్పుడు మిగిలే చిక్కు యంత్రానిది కాదు, లెక్కది.

ఊహకి ఒక లెక్క వేద్దాం. రోజుకి 50 సార్లు మనం ఫోను జేబులోంచి తీస్తామనుకోండి. ఐదేళ్ళకోసారి ఒక దొంగ చెయ్యి పడుతుందనుకోండి. ఐదేళ్ళలో మన చెయ్యి జేబులోకి వెళ్ళేది 91,250 సార్లు, దొంగ చెయ్యి ఒక్కసారి. ఇప్పుడు ఒక అద్భుతమైన ఆప్ ఉంది. నూటికి తొంభైతొమ్మిది సార్లు మన చేతిని సరిగ్గా గుర్తుపట్టి ఊరుకుంటుంది, నూటికి ఒక్కసారే పొరబడి కూస్తుంది. అంత మంచి ఆప్ కూడా ఐదేళ్ళలో 900కి పైగా ఉత్తుత్తి మోతలు మోగిస్తుంది. సుమారు నెలకి పదిహేను. బస్సులో, గుళ్ళో, ఆస్పత్రి వరండాలో. ఐదేళ్ళ దాకా ఎవరు భరిస్తారు? రెండో వారంలోనే తీసేస్తాం. దొంగ వచ్చేసరికి ఆప్ ఉండదు.

మన ఆప్‌లు అంత అద్భుతమైనవి కూడా కావు. మన చెయ్యో, దొంగ చెయ్యో అవి చూడవు. ఎవరు తీసినా కూయడానికి సిద్ధమవుతాయి. మనం వెంటనే పిన్ కొట్టి ఆపాలి. అందుకని కొన్ని సెకన్ల గడువిస్తాయి. ఆ గడువు మనకెంత ఉపయోగమో దొంగకీ అంతే.

సున్నితం తగ్గిస్తే సరిపోతుందేమోనని మరో ఆలోచన వస్తుంది. చిన్న కుదుపులకి ఊరుకుని, పెద్ద కుదుపుకే మోగమనవచ్చు. అయితే చేయి తిరిగిన జేబుదొంగ పద్ధతే కుదుపు లేకపోవడం. రైలు బోగీ ఊపు, పక్కవాడి తోపులాట ఫోనుని కుదిపినంతగా వాడి వేళ్ళు కుదపవు. ఎంత కుదుపుకి మోగాలన్న గీత కిందికి గీస్తే రైలు కదిలినప్పుడల్లా కూస్తుంది. పైకి గీస్తే దొంగ దాని కిందినుంచి వెళ్ళిపోతాడు. మధ్యలో ఎక్కడ గీసినా రెండు కష్టాలూ కొంచెం కొంచెం ఉంటాయి.

మోగినా వినేదెవరు

సరే, సరైన క్షణంలోనే మోగింది. తరవాత ఏమవుతుంది?

ఫోను స్పీకరు చిన్నది. బరువైన, లోతైన ధ్వని దాని చేత కాదు. సెకనుకి వెయ్యి కంపనాలకి పైన ఉండే కీచు ధ్వనే బాగా పలుకుతుంది. మన చెవి కూడా సెకనుకి రెండు మూడు వేల కంపనాల దగ్గరే బాగా చురుకు కాబట్టి అలారానికి ఇది మేలే అనిపిస్తుంది. కానీ గుడ్డ, సంచి, అరచెయ్యి బాగా మింగేది కూడా ఆ కీచు ధ్వనినే. స్పీకరు రంధ్రాల మీద బొటనవేలు అడ్డం పెడితే సగం పని అయిపోయినట్టే. దూరం రెట్టింపైతే ధ్వని శక్తి నాలుగో వంతుకి పడిపోతుంది, పైగా పట్టాల రొద.

ఇంకో చిక్కుంది, దీన్ని గమనించినవాళ్ళు తక్కువ. ధ్వని ఏ వైపు నుంచి వస్తోందో మన మెదడు రెండు రకాలుగా పోల్చుకుంటుంది. లోతైన ధ్వని అయితే రెండు చెవులకీ చేరే సమయంలో తేడా చూస్తుంది. బాగా కీచు ధ్వని అయితే తల అడ్డుపడటం వల్ల వచ్చే బలం తేడా చూస్తుంది. సుమారు రెండు మూడు వేల కంపనాల దగ్గర ఈ రెండూ సరిగ్గా పనిచెయ్యవు. ఏకధాటిగా ఒకే స్వరంలో కూసే ఎలక్ట్రానిక్ మోత ఎటునుంచి వస్తోందో తెలియక తల అటూ ఇటూ తిప్పడం అందుకే. కిక్కిరిసిన బోగీలో అలారం మోగితే అందరూ చేసేది ఒక్కటే, ఎవరి జేబు వాళ్ళు తడుముకోవడం. దొంగ కూడా తడుముకుంటాడు.

పవర్ బటన్ సంగతి సరేసరి. దాన్ని కొన్ని సెకన్లు గట్టిగా నొక్కి పట్టుకుంటే ఫోను మళ్ళీ మొదటినుంచి మొదలయ్యే ఏర్పాటు చాలా ఫోన్లలో ఉంది. ఎంత గొప్ప ఆప్ అయినా దాన్ని ఆపలేదు. సిమ్ మారిస్తే సమాచారం పంపే ఆప్‌లదీ ఇదే గతి. దొంగ మొదట చేసే పని సిమ్ పీకడం, ఫోను ఆపడం. కొన్ని కంపెనీలు, శామ్‌సంగ్ లాంటివి, లాక్ పడిన ఫోనుని ఆపాలన్నా, ఇంటర్నెట్ కట్టెయ్యాలన్నా పిన్ అడిగే సెట్టింగు ఇచ్చాయి. అలారం కన్నా అది నయం.

మోత మీద నమ్మకం పెట్టుకుని ఓడిపోయిన అనుభవం ప్రపంచానికి ముందే ఉంది. కార్ల విషయంలో. అమెరికాలో బీమా సంస్థల పరిశోధన విభాగం 1997లో కోట్ల వాహనాల క్లెయిములు పరిశీలించి, అలారం ఉన్న కార్లకి దొంగతనం నష్టాలు మొత్తమ్మీద ఏమీ తగ్గలేదని తేల్చింది. అలారం మోగినా పోలీసులకి ఫోను చేసేవారు అరుదు. ఐరోపా సమాఖ్య వేరే దారి పట్టింది. 1998 నుంచి కొత్త కార్లలో ఇంజను కట్టడి, అంటే ఇమ్మొబిలైజరు, తప్పనిసరి చేసింది. సరైన తాళం చెవిలోని సంకేతం అందకపోతే ఇంజను అసలు మొదలవదు. చప్పుడు లేదు, గోల లేదు. నెదర్లాండ్స్ లెక్కలు చూసిన ఇద్దరు ఆర్థికవేత్తలు దీనివల్ల కారు పోయే అవకాశం సగటున 40 శాతం తగ్గిందని 2016లో ప్రకటించారు.

అదే కొలత, అరవకుండా

గూగుల్ 2024 మే నెలలో ప్రకటించి, బ్రెజిల్‌లో ముందుగా పరీక్షించి, ఆండ్రాయిడ్ 10 నుంచి పైన ఉన్న ఫోన్లకి అందించిన ఒక ఏర్పాటు ఉంది. పేరు థెఫ్ట్ డిటెక్షన్ లాక్. లాగుడు తాళం అనుకుందాం. చేతిలో ఉన్న ఫోనుని ఎవరో లాక్కుని పరిగెత్తడమో, బండి మీద దూసుకుపోవడమో జరిగితే, ఆ కదలిక తీరుని గుర్తుపట్టి తెరకి తాళం వేస్తుంది.

ఇది వాడేదీ ప్రధానంగా ఆ కుదుపు కొలతనే. మరి దొంగ అలారం ఆప్‌ని కొట్టిన లెక్క దీన్నెందుకు కొట్టదు?

కొడుతుంది. ఇదీ పొరబడుతుంది. బస్సు పట్టుకోవడానికి ఫోను చేతిలో పెట్టుకుని పరిగెత్తినప్పుడు తాళం వేసుకోవచ్చు. తేడా అంతా పొరబాటు ఖరీదులో ఉంది. అలారం పొరబడితే పదిమంది ముందు పరువు పోతుంది. తాళం పొరబడితే వేలు ఒకసారి ఆనిస్తాం, అంతే. పొరబాటు అంత చవక కాబట్టి గీతని ధైర్యంగా కిందికి గీయొచ్చు, మనమూ దాన్ని తీసెయ్యం, సంవత్సరాల తరబడి అలాగే ఉంటుంది. ఈ అధ్యాయంలో ఒక్క సంగతే గుర్తుంచుకునే ఓపిక ఉంటే ఇది గుర్తుంచుకోండి: హెచ్చరిక ఏదైనా సరే, దాని బలం ఎంత బాగా పసిగడుతుందన్న దానిమీద ఎంత ఆధారపడుతుందో, పొరబడినప్పుడు మననెంత విసిగిస్తుందన్న దానిమీదా అంతే ఆధారపడుతుంది.

తెర తెరిచి ఉండగా పోయిన ఫోనే ప్రమాదం. తాళం పడితే దొంగ చేతిలో ఉన్నది వస్తువు మాత్రమే. ఆపిల్ 2024 జనవరిలో ఐఓఎస్ 17.3తో ఇంకో అడ్డు కట్టింది. దొంగ పక్కనుంచి చూసి మీ పాస్‌కోడ్ కూడా పట్టేసినా, మీరు మామూలుగా తిరిగే చోట్లకి దూరంగా ఉన్నప్పుడు ఆపిల్ ఖాతా పాస్‌వర్డు మార్చాలంటే ముఖమో వేలిముద్రో చూపాలి, గంటసేపు ఆగాలి, మళ్ళీ చూపాలి. సుగటూరుకి కూతవేటు దూరం అనదగ్గ నరసాపురలోనే ఐఫోన్లు తయారవుతున్నా, మన ఊళ్ళలో చేతుల్లో ఉండేవి ఎక్కువగా ఆండ్రాయిడ్‌లే కాబట్టి దీని గురించి ఇంతటితో చాలు.

పేరు చెరగని సరుకు

ఫోను దొంగ ఫోను వాడుకోవడానికి దొంగిలించడు, అమ్ముకోవడానికి దొంగిలిస్తాడు. ఈ సంగతి కేజీఎఫ్, అంటే కోలారు బంగారు గనుల, వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగిన దగ్గర్నుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా, నేల కింద నుంచి బంగారం దొంగచాటుగా బయటికి పోకుండా చూడటం యాజమాన్యానికి తీరని తలనొప్పి. బంగారానికున్న గుణం అది. కరిగిస్తే అది ఏ గనిదో, ఎవరిదో చెప్పే గుర్తేమీ మిగలదు. సరుకుకి ముద్ర వెయ్యలేనివాళ్ళు మనుషులకి వెయ్యబోయారు. కార్మికులందరి వేలిముద్రలూ తీసుకోవాలన్న నిబంధన మీద 1930లో కేజీఎఫ్‌లో పెద్ద సమ్మె జరిగింది. ఆ నిబంధనకి ఇంకా కారణాలున్నాయనుకోండి. ఇప్పుడు అవే వేలిముద్రలు రోజుకి పదులసార్లు ఫోను మీద మనమే వేస్తున్నాం.

ఫోను బంగారంలాంటిది కాదు. దానికి పుట్టుకతో ఒక సంఖ్య ఉంటుంది, ఐఎంఈఐ. పదిహేను అంకెలు. మొదటి ఎనిమిదీ ఏ మోడలో చెబుతాయి, తరవాతి ఆరూ ఆ ఒక్క ఫోనువి, చివరిది పై అంకెలు సరిగ్గా ఉన్నాయో లేదో సరిచూసుకోవడానికి. సిమ్ ఏదైనా, టవరు ఏదైనా, నెట్‌వర్క్‌లోకి వచ్చేటప్పుడు ఫోను ఈ సంఖ్య చెప్పుకుంటుంది. ఆ సంఖ్యని దేశంలోని అన్ని కంపెనీలూ ఒకేసారి కాదంటే, ఆ ఫోనుతో మాట్లాడటం కుదరదు.

కేంద్ర టెలికాం శాఖ నడిపే సీఈఐఆర్ అనే ఐఎంఈఐల పట్టిక చేసే పని ఇదే. 2019లో ముంబైలో మొదలై, ఢిల్లీ, కర్ణాటక, ఈశాన్య రాష్ట్రాల్లో ప్రయోగంగా నడిచి, 2023 మే నెలలో సంచార్ సాథీ పేరుతో దేశమంతటికీ వచ్చింది. కర్ణాటక పోలీసులు అప్పటికే దీంతో 2,500కి పైగా ఫోన్లు పట్టి సొంతదార్లకి ఇచ్చారని ఆ సందర్భంలో ప్రభుత్వం చెప్పింది. 2025 అక్టోబరులో ఒక్క నెలలోనే దేశంలో 50,000కి పైగా ఫోన్లు దొరికాయి. అప్పటికి కర్ణాటక, తెలంగాణ చెరో లక్ష దాటాయి. దొరికే తీరు కూడా సాదాగా ఉంటుంది. కట్టేసిన ఫోనులో ఎవరో తమ సిమ్ వేస్తారు. ఆ సమాచారం ఫిర్యాదు తీసుకున్న పోలీసు స్టేషనుకి చేరుతుంది. పోలీసులు ఆ నంబరుకి ఫోను చేస్తారు. అవతల ఉన్నది తరచుగా, తక్కువ ధరకి వచ్చిందని తెలియక కొన్నవాడే. సెకండ్‌హ్యాండ్ ఫోను కొనేముందు కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, పదిహేను అంకెలూ వేసి 14422కి ఎస్సెమ్మెస్ పంపితే అది కట్టేసిన ఫోనో కాదో తెలిసిపోతుంది.

దీనికి తోడు ఖాతా తాళం. ఆపిల్ 2013లో, గూగుల్ 2015లో, పాత ఖాతా పాస్‌వర్డు లేకుండా ఫోను మళ్ళీ మొదలవకుండా చేశాయి. ఆపిల్ తాళం వచ్చిన ఏడాదిలో శాన్ ఫ్రాన్సిస్కోలో ఐఫోన్ దొంగతనాలు 40 శాతం, న్యూయార్కులో 25 శాతం తగ్గాయని, లండన్‌లో స్మార్ట్‌ఫోన్ దొంగతనాలు సగానికి పడ్డాయని అక్కడి అధికారులు 2015లో లెక్క చెప్పారు. ఏ అలారానికీ ఇలాంటి లెక్క లేదు.

అయితే ఫోనుని కరిగించే కొలిమి కూడా ఉంది. ఐఎంఈఐ మార్చేవాళ్ళున్నారు. 2023 టెలికాం చట్టం దానికి మూడేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పెట్టింది. అంతకన్నా తేలిక దారి విప్పెయ్యడం. తెర ఒకరికి, కెమెరా ఇంకొకరికి, బ్యాటరీ మరొకరికి. తెరకి ఐఎంఈఐ ఉండదు. ఆపిల్ 2024లో ఐఓఎస్ 18తో తన విడిభాగాలకి కూడా ఖాతా తాళాన్ని విస్తరించింది. చవక ఆండ్రాయిడ్ ఫోన్లకి అలాంటిదేమీ అందలేదు. విప్పిన ఫోను దగ్గర మన కట్టడులన్నీ ప్రస్తుతానికి ఆగిపోతాయి.

పోయిన తొలి గంట

పక్కవాడి ఫోనులో ఆండ్రాయిడ్.కామ్/లాక్ తెరిచి మీ నంబరు కొడితే తెరకి తాళం పడుతుంది. ఈ సౌకర్యాన్ని ముందే సెట్టింగుల్లో, గూగుల్ అన్న చోట, దొంగతనం రక్షణ కింద తెరిచి ఉంచుకోవాలి. లాగుడు తాళం కూడా అక్కడే ఉంటుంది. ఆ తరవాత సిమ్ కట్టించాలి. ఖాతాలో డబ్బు కదిలిందని అనుమానం వస్తే వెంటనే సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చెయ్యాలి. తరవాత పోలీసు ఫిర్యాదు, దాని నకలుతో సీఈఐఆర్. బదులు సిమ్ తీసుకున్నాక 24 గంటల దాకా ఎస్సెమ్మెస్‌లు రావు. ఓటీపీ రాలేదని కంగారు పడి మూడు దుకాణాలు తిరగక్కర్లేదు.

ఫిర్యాదులో ఐఎంఈఐ రాయకపోతే పైన చెప్పిన యంత్రాంగమంతా కదలదు. స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ కొడితే తెర మీద కనబడుతుంది. రెండు సిమ్‌ల ఫోనుకి రెండు సంఖ్యలుంటాయి, రెండూ రాసుకోవాలి. ఆ ఫోనులోనే ఫొటో తీసి పెట్టుకుంటే ఫోనుతోపాటే పోతుంది. రేషను కార్డు వెనకో, కేలండరు మీదో రాసిపెట్టుకోవడం మేలు.